లాక్స్‌టన్ (నాటింగ్‌హామ్‌షైర్): పారిష్ ఎవరిది, పొలం ఎవరిది?

ట్రెంట్_ఒడ్డున
అందరికీ నమస్కారం. నేను నాటింగ్‌హామ్‌లో ఉంటున్నాను. మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని లాక్స్‌టన్ అనే ఊరికి వెళ్లొచ్చాం. ఆలర్టన్ అనే ఊరికి తూర్పున ఉంటుంది, చిన్న ఊరు. ఒక చర్చి, ఒక పబ్, పక్కగోడ రోడ్డు వైపు ఉండేలా తిప్పి కట్టిన పాత రైతుల ఇళ్లు. ఊరు దాటగానే నేను ఆగిపోయాను. ఇంగ్లండ్‌లో ఎక్కడ చూసినా పొలానికీ పొలానికీ మధ్య ముళ్లకంచె ఉంటుంది కదా. ఇక్కడ లేదు. కనుచూపు మేర ఒకటే పొలం, దాంట్లో పొడవాటి నేల చెక్కలు. ఒక్కో చెక్క ఒక్కో రైతుదట. మా రాజమండ్రి పక్క ఊళ్లో చిన్నప్పుడు చూసిన మెట్ట పొలాలు గుర్తొచ్చాయి.

అక్కడ బోర్డుల మీద పారిష్, మేనర్, కోర్ట్ లీట్ అని మూడు మాటలున్నాయి. ఇంటికొచ్చి చదివినకొద్దీ అయోమయమే. పారిష్ అంటే చర్చి పరిధా, పంచాయతీనా? మరి కోర్టు ఎవరిది? ఈ ఊరి చరిత్ర రాద్దామని ఆశగా ఉంది. ఎక్కడ మొదలు పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాగితాలు
అమ్మా, మంచి ఊరే పట్టుకున్నారు. మీకు అయోమయం రావడం సహజం. ఇంగ్లండ్ ఊళ్ల చరిత్ర తవ్వే ప్రతివాళ్లూ మొదట తడబడేది ఇక్కడే. ఒకే నేల మీద మూడు వేర్వేరు అధికారాలు కూర్చుంటాయి, మూడూ వేర్వేరు కాగితాలు రాసుకుంటాయి.

మొదటిది చర్చి పారిష్. పుట్టుక, పెళ్లి, చావు దాని లెక్క. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకంలో రాయాలని ఆజ్ఞ వేశాడు. చర్చికి పంటలో పదో వంతు ఇవ్వాల్సిన నేల ఎంతవరకో అంతవరకే ఆ పారిష్ హద్దు. అందుకే పారిష్ హద్దులు అంత పట్టుగా నిలిచాయి. హద్దు జరిగితే ఎవరో ఒకరి ఆదాయం పోతుంది.

రెండోది మేనర్. ఇది భూమి అధికారం. దొర ఎవరు, కౌలుదారు ఎవరు, ఎవరి చెక్క ఎక్కడ, ఎవరి పశువు ఎక్కడ మేయాలి అన్నదంతా మేనర్ కోర్టు చూసుకునేది. చర్చికీ దీనికీ సంబంధం లేదు. ఒక పారిష్‌లో రెండు మేనర్లు ఉండొచ్చు, ఒక మేనర్ రెండు పారిష్‌లలోకీ పాకొచ్చు.

మూడోది సివిల్ పారిష్. మీరు పంచాయతీ అన్నది దీన్నే. ఇది చర్చి పారిష్ కడుపులోంచే పుట్టింది. 1555 చట్టం ఊరి రోడ్ల బాగు పనిని పారిష్ మీద పెట్టింది. 1601 చట్టం బీదల పోషణను పెట్టింది. ఏటా ఇద్దరు ముగ్గురు ఇంటి యజమానుల్ని ఓవర్సీర్లుగా నియమించి, ఊళ్లో పన్ను వసూలు చేసి, ముసలివాళ్లకూ అనాథలకూ ఇవ్వాలి. అలా చర్చి వెనక గదిలో కూర్చునే పెద్దల సభ, వెస్ట్రీ అంటారు, నెమ్మదిగా ఊరి ప్రభుత్వమే అయిపోయింది. చివరికి 1894 చట్టంతో ఆ లౌకిక పనులన్నీ చర్చి నుంచి తీసి, ఎన్నికైన పారిష్ కౌన్సిల్‌కు ఇచ్చారు. మరీ చిన్న ఊళ్లకు కౌన్సిల్ లేకుండా ఊరివాళ్లంతా కూర్చునే పారిష్ మీటింగ్ చాలన్నారు. లాక్స్‌టన్ ఇప్పుడు పక్కనున్న మూర్‌హౌస్ పల్లెతో కలిసి ఒక సివిల్ పారిష్. 1974 నుంచి పైన ఉన్నది న్యూఆర్క్ అండ్ షేర్‌వుడ్ జిల్లా.

లాక్స్‌టన్ గొప్పదనం ఏమిటంటే ఈ మూడింట్లో మిగతా ఊళ్లలో దాదాపు చచ్చిపోయిన రెండోది, అంటే మేనర్, ఇక్కడ బతికే ఉంది.

వరంగల్_శ్రీను
అయితే పారిష్ కౌన్సిల్ అంటే మన గ్రామ పంచాయతీ, కోర్ట్ లీట్ అంటే రచ్చబండ తీర్పు, అంతేనా సార్?

పాతకాగితాలు
మొదటిది చాలావరకు సరే. రెండోది కాదు శ్రీనూ. రచ్చబండకు చట్టం రాసిచ్చిన అధికారం ఎప్పుడూ లేదు. కోర్ట్ లీట్ మొదట రాజు పేరు మీద నడిచే చిన్న నేరాల కోర్టు. రొట్టె బరువు తగ్గించినా, కల్లు కొలత తగ్గించినా జరిమానా వేసేది. కౌలు, పొలం విషయాలు కోర్ట్ బారన్ అనే ఇంకో కోర్టు చూసేది. ఊళ్లలో రెండూ ఒకే రోజు, దొర ప్రతినిధిగా కూర్చునే ఒకే స్టీవార్డు ముందు నడిచేసరికి పేర్లు కలిసిపోయాయి. లాక్స్‌టన్‌లో ఇప్పుడు కోర్ట్ లీట్ అంటున్నది నిజానికి పొలం పనే చూస్తుంది.

దాని చట్టబద్ధత గురించి ఒక్క మాట. 1977లో న్యాయపాలన చట్టం తెచ్చి దేశంలోని ఇలాంటి పాత కోర్టులన్నింటి విచారణాధికారాన్ని రద్దు చేశారు. చాలా చోట్ల వేడుకగా కూడుకునే అనుమతి మాత్రం మిగిలింది. నిజమైన అధికారం ఉంచింది ఒక్క లాక్స్‌టన్ మేనర్ కోర్ట్ లీట్‌కే.

రైతుబిడ్డ_తెనాలి
అయ్యా, నాకు ఇంగ్లండ్ చరిత్ర తెలియదు. కానీ కంచె లేని పొలం అంటే ఆగలేక అడుగుతున్నా. గట్లు లేవా? పక్కవాడు ఒక చాలు ఇటు జరిపి దున్నితే ఎలా తెలుస్తుంది? మా దగ్గర గట్టు తవ్వి కలుపుకున్న గొడవలతో తండ్రులూ కొడుకులూ కోర్టు మెట్లు ఎక్కారు. మా సొంత పొలానికీ ఆ టెన్షన్ పదకొండేళ్లు నడిచింది. అక్కడ ఎవరు తేలుస్తారు?

పాతకాగితాలు
మీ ప్రశ్నే ఈ ఊరికి అసలు ప్రశ్న రైతుబిడ్డ గారూ. కాస్త వివరంగా రాస్తాను.

మూడు పెద్ద పొలాలున్నాయి: వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. ప్రతి రైతుకూ మూడింట్లోనూ చెక్కలుంటాయి. ఒక ఏడు ఒక పొలమంతా గోధుమ. మరుసటి ఏడు దాంట్లో వసంతంలో వేసే పంట. మూడో ఏడు బీడు. ఈ వరస ఏ ఒక్క రైతూ మార్చడానికి లేదు. అందరూ ఒకేసారి విత్తాలి, ఒకేసారి కోయాలి, ఎందుకంటే కోత అయ్యాక పాతరోజుల్లో ఊరి మందంతా ఆ పొలంలోకి దిగేది. ఒకడు ఆలస్యం చేస్తే వాడి పంట మందకు పోతుంది, లేదా వాడి కోసం మంద ఆగాలి.

గట్లు లేవు. చెక్కకూ చెక్కకూ మధ్య ఉన్నది ఒక చాలే. మీరన్నట్టు ఆ చాలు ఏటా జరుగుతుంది, కావాలని జరిపినా నాగలి పోకడ వల్ల జరిగినా. అందుకే నవంబరు ఆఖరి గురువారం జ్యూరీ రోజు. ఫోర్‌మన్ అనే జ్యూరీ పెద్ద, మిగతా జ్యూరీ సభ్యులు, అందరూ ఆ ఊరి రైతులే, కొత్తగా గోధుమ చల్లిన పొలంలోకి దిగుతారు. ప్రతి చెక్క చివరా హద్దు చూస్తారు. జరిగిన చోట గుంట తీసి కొయ్య గూటం దిగ్గొడతారు. ఎవరైనా బండి దారిలోకి దున్నుకొచ్చినా, మధ్యలో దున్నకుండా వదలాల్సిన పచ్చిక మీదికి నాగలి పోనిచ్చినా పేరు రాసుకుంటారు. తర్వాత ఊళ్లో డవ్‌కోట్ పబ్‌లో భోజనం.

వారం తర్వాత, మళ్లీ గురువారం, అదే పబ్‌లో కోర్టు. మేనర్ దొర తరఫున స్టీవార్డు కూర్చుంటాడు. బెయిలిఫ్ అనే కోర్టు ఉద్యోగి పేర్లు పిలుస్తాడు. రానివాడికి చిన్న జరిమానా. తప్పు చేసినవాడికి కొన్ని పౌండ్లు. వచ్చే ఏటి జ్యూరీతో ప్రమాణం చేయిస్తారు. అయిపోయింది.

జరిమానా పెద్దది కాదు. కానీ తప్పు పట్టేది పక్క చెక్క రైతు, పట్టింది అందరి ఎదుటా, వచ్చే ఏడు తనను పట్టేదీ వాళ్లే. మీ పదకొండేళ్ల గొడవ అక్కడ ఒక మధ్యాహ్నం పని.

రైతుబిడ్డ_తెనాలి
చదివి చాలాసేపు అలాగే కూర్చున్నానండి. మా ఇద్దరి మధ్య తేడా మూడు జానలు. సర్వేయరు వచ్చేసరికి ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం. మొదటి ఏడాదే ఊరి రైతులు పదిమంది వచ్చి గూటం కొట్టి ఉంటే మా నాన్న ఒప్పుకునేవాడు. కాగితానికి ఒప్పుకోని మనిషి పదిమందికి ఒప్పుకునేవాడు.

పశువులు తప్పించుకుంటే ఏం చేసేవాళ్లు?

ట్రెంట్_ఒడ్డున
ఇది నేను చూశాను రైతుబిడ్డ గారూ! ఊళ్లో గోడ కట్టిన చిన్న దొడ్డి ఉంది, పిన్‌ఫోల్డ్ అంటారట. అచ్చం మన బందెలదొడ్డి. దాన్ని చూసుకునే మనిషిని పిండర్ అంటారు, మేనర్ కోర్టు నియమించే ఉద్యోగి. పంటలో పడ్డ పశువును తోలుకొచ్చి కట్టేయడం, రుసుము కడితే వదలడం. మా అమ్మకు ఫోన్‌లో ఫోటో పంపితే ‘ఇది మనూరి చెరువు కట్ట కింద ఉండేది కదే’ అంది.

లెస్టర్_పద్మ
నమస్తే. నేను లెస్టర్‌లో ఉంటాను, ఇక్కడ కుటుంబ చరిత్ర వెతికేవాళ్లకు తీరిక వేళల్లో సాయం చేస్తుంటాను. చర్చి వైపు ఎవరూ ఎక్కువ రాయలేదు కాబట్టి కొంచెం కలుపుతాను.

లాక్స్‌టన్ చర్చి సెయింట్ మైకేల్ పేరు మీద ఉంది. లోపల ఎవరింగ్‌హామ్ వంశం వాళ్ల శిలాప్రతిమలున్నాయి. షేర్‌వుడ్ అడవికి వంశపారంపర్యంగా కాపలా అధికారులు వాళ్లు. ఊరికి ఉత్తరాన ఉన్న కోట దిబ్బ ఆ అధికారానికి కేంద్రంగా ఉండేది. ప్రతిమల్లో ఒకటి రాతిది కాదు, ఓక్ చెక్కతో చేసిన స్త్రీ మూర్తి. ఇంగ్లండ్‌లో మధ్యయుగపు చెక్క ప్రతిమలు మిగిలినవే తక్కువ. అక్కా, మళ్లీ వెళ్తే దాని దగ్గర కాసేపు నిలబడండి.

రిజిస్టర్లు వెతికేటప్పుడు జాగ్రత్త. నాటింగ్‌హామ్‌షైర్ 1837 దాకా యార్క్ డయోసిస్, అంటే అక్కడి బిషప్ పరిధి, కింద ఉంది. తర్వాత లింకన్ కిందికి వెళ్లింది. 1884లో సౌత్‌వెల్ డయోసిస్ పుట్టాక దాని కిందికి వచ్చింది. ఊరు అంగుళం కదల్లేదు, బిషప్ మాత్రం మూడు చోట్లకు మారాడు. కాగితాలు ఆయన వెంట నడుస్తాయి. పాత వీలునామాలు యార్క్ వైపు వెతకాలి. పారిష్ రిజిస్టర్లకు నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. 1 జులై 1837 నుంచి జనన మరణాల నమోదు ప్రభుత్వం మొదలుపెట్టింది కాబట్టి ఆ తర్వాతవి రెండు చోట్లా దొరుకుతాయి. 1754కు ముందు పెళ్లిళ్ల నమోదు పలుచగా కనిపిస్తే కంగారు పడకండి, ఆ ఏడాది నుంచే చర్చిలో పెళ్లి, సాక్షుల సంతకాలు తప్పనిసరి అయ్యాయి.

పాతకాగితాలు
పద్మమ్మా, చాలా మంచి మాట చెప్పావు. ఆ సౌత్‌వెల్ పేరుతోనే ఇంకొకటి గుర్తుకొచ్చింది. వెస్ట్రీ బీదల పోషణ చేసేది అన్నాను కదా, అది దయగా మొదలై కర్కశంగా మారింది. 1662 చట్టం ప్రకారం ఏడాదికి 10 పౌండ్ల కన్నా తక్కువ అద్దె ఇంట్లో దిగిన కొత్తవాణ్ని, రేపు మన ఊరి పన్ను మీద పడతాడన్న అనుమానం మీదే, 40 రోజుల్లోపు సొంత పారిష్‌కు తరిమేయొచ్చు. నిండు గర్భిణుల్ని హద్దు దాటించిన ఊళ్లున్నాయి, బిడ్డ ఇక్కడ పుడితే ఖర్చు ఇక్కడిదే అని. నేను ఆ కాలపు తరలింపు ఉత్తర్వులు చదివాను. ఒక్కోటి నాలుగు లైన్లే, చదివితే నిద్ర పట్టదు.

ఆ తర్వాత 1824లో జాన్ థామస్ బెచర్ అనే మతగురువు సౌత్‌వెల్‌లో వర్క్‌హౌస్, అంటే బీదల్ని ఉంచి పని చేయించే ఇల్లు, కట్టించాడు. భర్తను ఒక వైపు, భార్యను ఒక వైపు, పిల్లల్ని ఇంకో వైపు ఉంచే పద్ధతి. 1834 కొత్త బీదల చట్టానికి అది నమూనా అయింది. ఒక్కో పారిష్ చేసే పనిని అనేక పారిష్‌ల యూనియన్ చేతికి ఇచ్చింది ఆ చట్టమే. పారిష్ ఊరి ప్రభుత్వంగా ఉన్న రోజులు అక్కడితో తరిగిపోవడం మొదలైంది. ఆ కట్టడం ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది, లాక్స్‌టన్‌కు దగ్గరే, చూడొచ్చు.

వరంగల్_శ్రీను
సార్, అన్ని ఊళ్లలో పోయిన పొలం పద్ధతి ఇక్కడే ఎందుకు మిగిలింది? మంచి దొర దొరికాడు కాబట్టేనా?

పాతకాగితాలు
మంచితనం కథ కాదు. మొదట ఆ పోయిన తీరు చెప్తాను. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు, అంటే ఉమ్మడి నేలకు కంచె వేసే చట్టాలు, చేసింది, ఒక్కో చట్టం ఒక ఊరికో ప్రాంతానికో. 68 లక్షల ఎకరాలు కంచెల్లోకి వెళ్లాయి. చెక్కలన్నీ కలిపి కమతాలు చేసి, ఉమ్మడి బంచరాయిని పంచేశారు. దిగుబడి పెరిగింది, అది కాదనను. ఒక ఆవు, నాలుగు బాతులు పెట్టుకుని బతికే బీదవాడికి మేత నేల పోయింది, అదీ కాదనలేం.

లాక్స్‌టన్‌లో కూడా కొంత నేలకు కంచెలు పడ్డాయి. 1635 పటంలో ఈస్ట్ ఫీల్డ్ అని నాలుగో పొలం ఉండేది, ఇప్పుడు లేదు. మొత్తం ఎందుకు పోలేదంటే, భూమి ప్రధానంగా ఇద్దరు పెద్ద ఆసాముల మధ్య ఉంది, థోర్స్‌బీలోని మాన్వర్స్ ఎర్ల్‌లు ఒకవైపు, రఫర్డ్‌లోని స్కార్‌బ్రో ఎర్ల్‌లు ఒకవైపు. వాళ్లకు ఒప్పందం కుదరలేదంటారు. కుదిరే రోజులొచ్చేసరికి ధాన్యం ధరలు పడిపోయాయి, కంచెల ఖర్చు పెట్టేవాడు లేడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాన్వర్స్ వాళ్లు చెక్కలు కొన్ని కలిపి పెద్దవి చేశారు, పద్ధతి మాత్రం ఉంచారు. 1952లో చివరి ఎర్ల్ ఎస్టేటును వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మాడు. అలా కొన్నేళ్లు దేశపు వ్యవసాయ మంత్రే ఆ ఊరి మేనర్ దొర! 1981లో రాచరికపు ఆస్తుల్ని చూసే క్రౌన్ ఎస్టేట్ చేతికి, 2020లో తిరిగి థోర్స్‌బీ ఎస్టేట్ చేతికి వచ్చింది.

దొరలు మారారు, మంత్రులు మారారు. గురువారం జ్యూరీని పొలంలోకి దించింది మాత్రం రైతులే.

ట్రెంట్_ఒడ్డున
1635 పటం అంటే బోర్డు మీద చూసినదేనా? ప్రతి చెక్కా గీసి, మధ్యలో దున్నేవాళ్లనూ వేటగాళ్లనూ బొమ్మలు వేశారు. మా చిన్నది దాన్ని వదిలి రానంది.

పాతకాగితాలు
అదే. మార్క్ పియర్స్ అనే సర్వేయర్ గీశాడు. అసలు ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. దాని వెంట ఎవరి పేరు మీద ఏ చెక్క ఉందో రాసిన పుస్తకం ఉంది. మన ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), అడంగల్ రెండూ కలిపి ఒకచోట పెట్టినట్టు.

ఆ పటం గీయించినది ఎవరో తెలిస్తే మన వేదికలో అందరూ లేచి కూర్చుంటారు. సర్ విలియం కోర్టెన్, లండన్ వర్తకుడు, అప్పటికి లాక్స్‌టన్ దొర. అదే 1635లో మొదటి చార్లెస్ రాజు ఈయన బృందానికి తూర్పు దేశాల్లో వర్తకం చేసుకోమని అనుమతి ఇచ్చాడు, ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యానికి గండి కొడుతూ. కంపెనీవాళ్లు మన మచిలీపట్నంలో 1611 నుంచే కొట్టు పెట్టుకుని కలంకారీ, సన్నబట్టలు కొంటున్నారు. కోర్టెన్ మనుషులు పడమటి తీరాన భట్కళ్, కార్వార్ పట్టుకున్నారు. కోర్టెన్ 1636లోనే చనిపోయాడు, ఆ వర్తకం ఆయన వారసుల్ని అప్పుల్లో ముంచింది, లాక్స్‌టన్ పియర్‌పాంట్ వంశం చేతికి పోయింది. మాన్వర్స్ ఎర్ల్‌లు ఆ వంశం వాళ్లే.

వరంగల్_శ్రీను
నాకు ఒళ్లు గగుర్పొడిచింది సార్. ఒక పల్లె పటానికీ మన తీరంలో పోటీకీ ఒకే మనిషా!

లెస్టర్_పద్మ
పాతకాగితాలు గారూ, మేనర్ కోర్టు దస్తావేజులు ఎక్కడున్నాయో అక్కకు చెప్పండి. ఆవిడ ఉన్న ఊళ్లోనే కదా.

పాతకాగితాలు
అవునమ్మా, ఇదే ఆవిడకు వరం. మాన్వర్స్ ఎస్టేట్ కాగితాలు నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం రాతప్రతుల విభాగంలో ఉన్నాయి. కౌలు లెక్కలు, సర్వేలు, కోర్టు దస్తావేజులు. చర్చి రిజిస్టర్లు పద్మ చెప్పినట్టు కౌంటీ ఆర్కైవ్స్‌లో. పటం ఆక్స్‌ఫర్డ్‌లో. మూడు అధికారాలు అన్నాను కదా, మూడు తలుపులు తట్టాలి.

నా సలహా వింటే చర్చితో మొదలు పెట్టొద్దు. చాలామంది రిజిస్టర్లతో మొదలుపెట్టి పేర్ల జాబితా తయారు చేసి ఆగిపోతారు. ఒక్క చెక్క తీసుకోండి. 1635లో అది ఎవరిదో చూడండి. ఆ ఇంటిపేరు కోర్టు కాగితాల్లో ఎప్పుడు జరిమానా కట్టిందో చూడండి. అప్పుడు రిజిస్టర్ తెరిస్తే ఆ పేరు మనిషిగా కనిపిస్తుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కరణాల పాత లెక్కలతో ఇలాగే చేశాను. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు ఇళ్లలో ఉన్న కట్టలు కొన్ని ఆఫీసుకు చేరాయి, కొన్ని చేరలేదు. చేరనివి ఏమయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధే. లాక్స్‌టన్ కాగితాలు చేరాయి. వాడుకోండి.

రైతుబిడ్డ_తెనాలి
ఒక సందేహం. మధ్యలో దున్నకుండా వదిలే పచ్చిక అన్నారు. అంత ఖరీదైన నేల ఎందుకు వదిలారు?

పాతకాగితాలు
సైక్‌లు అంటారు వాటిని. నీరు పారే పల్లపు పట్టీలు, నాగలికి లొంగని నేల. చెక్కలకు వెళ్లే దారి, నాగలి తిప్పుకునే చోటు కూడా. అక్కడి గడ్డిని ఏటా వేసవిలో వేలం వేస్తారు, ఆ డబ్బు హక్కున్న వాళ్లకు వెళ్తుంది. వందల ఏళ్లుగా నాగలి తగలనందువల్ల మిగతా ఇంగ్లండ్‌లో అరుదైపోయిన పచ్చిక పూలు వాటిలో మిగిలాయి. ఇప్పుడు వాటికి శాస్త్రీయ ప్రాధాన్యమున్న స్థలంగా రక్షణ ఉంది. కోర్టు అంత పట్టుగా ‘సైక్ మీదికి దున్నావా’ అని అడగడం వల్లే ఆ పూలున్నాయి.

ట్రెంట్_ఒడ్డున
అందరికీ చేతులెత్తి దండాలు. నిర్ణయించుకున్నాను. విశ్వవిద్యాలయం వాళ్లకు మెయిల్ పెట్టి, చదివే గదికి సమయం అడిగాను. వెస్ట్ ఫీల్డ్‌లో ఒక చెక్కతో మొదలుపెడతా. నవంబరు ఆఖరి గురువారం సెలవు పెట్టి జ్యూరీ రోజుకు వెళ్తాను, దూరంగా నిలబడైనా చూస్తా. చూసినది చూసినట్టు ఇక్కడ రాస్తాను.

రైతుబిడ్డ_తెనాలి
తప్పకుండా వెళ్లండమ్మా. ఆ గూటాలు ఏ కర్రతో చేస్తారో, ఎంత లోతు దించుతారో అడిగి రాయండి. మా దగ్గర తుమ్మ కర్ర వాడతాం, నల్లరేగడిలో మూడేళ్లు నిలుస్తుంది.